శ్రీరంగం గారి కుక్కకు గది

జగదల్పూరులో మా పెద్దమ్మ రామసుబ్బమ్మ భోజన హోటలు నడిపిన పద్దెనిమిదేళ్ళలో ఎందరో దిగారు. కచేరీ పనుల మీద వచ్చేవాళ్ళు, కలప కంట్రాక్టర్లు, బదిలీ మీద వచ్చి ఇల్లు దొరక్క అల్లాడే గుమాస్తాలు, దసరా చూడవచ్చి తిరుగు దారి మరిచిపోయినవాళ్ళు. కాని గుమ్మంలో నిలబడి "మా ఇద్దరికీ గది కావాలె" అని అడిగి, ఆ రెండోవారు ఎవరయ్యా అంటే పక్కన తోక ఊపుతున్న నల్ల కుక్కను చూపించినవాడు ఒక్కడే. ఆయన కోంట శ్రీరంగం గారు.

నా పేరు అన్నపూర్ణ. ముందూ వెనకా ఎవరూ లేకుండా మిగిలితే పెద్దమ్మ తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. పేరుకు తగ్గట్టు వడ్డన నా పని. ఎవరు ఎలాంటివారో వడ్డించేవాళ్ళకు తెలిసినట్టు కట్టుకున్నవాళ్ళకు కూడా తెలియదని నా నమ్మకం. శ్రీరంగం గారు పులుసు రెండోసారి అడగడానికి మొహమాటపడేవారు. అన్నంలో రాయి తగిలితే చప్పుడు కాకుండా తీసి విస్తరి కింద దాచేవారు. అలాంటి మెతక మనిషికి కుక్క మాట వస్తే మాత్రం ఉడుము పట్టు. ఆ పట్టులో ఆయనకు ఏది దక్కిందో, ఏది చేజారిందో నేను కళ్ళారా చూశాను. చేజారినదానిలో నా పాపం కూడా కొంత ఉంది. అందుకే నేనే చెప్పాలి.

కోంట అంటే బస్తరు రాజ్యానికి దక్షిణపు కొస, శబరి ఒడ్డు. అక్కడ ఆయనది చింతపండు, ఇప్పగింజల వ్యాపారం. ఏటా మార్గశిరంలో దాని అనుమతి పర్వానా తిరగరాయించుకోవడానికి ఇక్కడి కచేరీకి రావాలి. దోర్నపాల్, సుక్మా దాటి, దర్భా ఘాటు కొండదారి ఎక్కి, ఎడ్లబండిలో తొమ్మిది పది రోజుల దారి. బండి తోలేది ఉంగ. కోంటకు రెండు కోసుల దూరంలోని పల్లెలో దోర్ల తెగ మనిషి. నలభై దాటినవాడు, గట్టి ఎముక, తక్కువ మాట. శ్రీరంగం గారి భార్య పోయి, పిల్లలూ లేక, ఇల్లు బావురుమంటున్న రోజుల్లో, ఉంగ తన ఇంటి కుక్క పెట్టిన పిల్లల్లో ఒకదాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడట. ఇంట్లో ఏదో ఒకటి కదులుతూ ఉండాలి సావుకారీ అన్నాడట. నల్లగా ఉందని దానికి కర్రి అని పేరు పెట్టుకున్నారు. ఈ లోకంలో తనకున్నది ఆ ఇద్దరేనని, కర్రి, ఉంగ అని, శ్రీరంగం గారే ఒకసారి నాతో అన్నారు.

కుక్కను వెంట తిప్పుకోవడం సరదా కాదు. ఒక ఏడు దాన్ని పక్కింటి సుందరరావుకు అప్పగించి జగదల్పూరు వచ్చారు. తిరిగి వెళ్ళేసరికి కర్రి పక్కటెముకలు తేలి, గడప మీద తల ఆనించి పడుకుని ఉంది. సుందరరావు పెరుగన్నం పెట్టాడు, చేపముక్క పెట్టాడు, చివరికి చేతులెత్తి దండం పెట్టాడు. ముద్ద ముట్టలేదు. ఆ రోజు నుంచి ఆయన ఎక్కడికి పోతే అది అక్కడికే.

మన ఊళ్ళలో హోటళ్ళ సంగతి తెలిసిందే. జేబులో కత్తి పెట్టుకుని వచ్చినవాడికి గది ఇస్తారు గాని కుక్కతో వస్తే ఇవ్వరు. సాయంత్రాలు కచేరీ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని శ్రీరంగం గారు ఆ భాగవతాలన్నీ చెప్పేవారు. రాజమండ్రిలో ఒక హోటలాయన, పై అంతస్తుకు కుక్కలు ఎక్కకూడదండీ అని మర్యాదగా చెప్పాడట. అయితే కింద ఇవ్వండి అన్నారు ఈయన. కింద ఉన్నది కొబ్బరికాయల కొట్టు ఒక్కటే. మూడు రోజులు కొబ్బరికాయల గుట్ట పక్కన పక్క వేసుకున్నారు. ఒళ్ళు తిప్పినప్పుడల్లా ఒక కాయ దొర్లి వచ్చి ఈయనకో కర్రికో తగిలేదట.

విజయనగరం సత్రంలో గుమాస్తా ఎంతమంది అని అడిగితే ఇద్దరం అన్నారు. ఆయన రాసేసుకున్నాడు. తీరా రెండోది నాలుగు కాళ్ళతో లోపలికి వచ్చేసరికి గుమాస్తా లబోదిబోమంటూ కలం అందుకున్నాడు. శ్రీరంగం గారు తగ్గు స్వరంతో, రాసినది కొట్టేస్తే పై అధికారి ఎందుకు కొట్టేశావని అడగడా బాబూ అన్నారట. గుమాస్తాకు కొట్టివేతలంటే చచ్చేంత భయం. ఆ పుస్తకంలో కర్రి ఇప్పటికీ మనిషిగానే ఉండి ఉంటుంది. రాయపూర్ ధర్మశాలలో ఆవుకు చోటుంది, గుర్రానికి చోటుంది, కుక్కకు లేదన్నారు. ఆ రాత్రికి గుర్రం పక్కనే ఈయనా కుక్కా సర్దుకున్నారు.

ఈ కథలు విని మేమంతా కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. సామాను మోయడానికి ఆ ఊళ్ళన్నిటికీ ఉంగ కూడా వెళ్ళాడు. రాజమండ్రిలో అతను ఎక్కడ పడుకున్నాడు, విజయనగరంలో అతన్ని పుస్తకంలో ఎందుకు రాయలేదు అని మాలో ఒక్కరం అడగలేదు. చెప్పే ఆయనకూ తట్టలేదు. వినే నేనూ అడగలేదు.

మా హోటల్లో మొదటి ఏడు పెద్దమ్మ ససేమిరా అంది. ఇది పదిమంది భోంచేసే ఇల్లు, నేను మడి కట్టుకునే మనిషిని, కుక్కేవిటి నాయనా అంది. సరే అమ్మా అని కర్రిని వీధి అరుగు మీద ఉంగ దగ్గర వదిలి ఆయన కచేరీకి వెళ్ళారు. వెళ్ళింది మొదలు అది ఎత్తిన రాగం దించలేదు. భోజనాల వేళకు గుమాస్తాలు చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తున్నారు. మధ్యాహ్నం ఈయన వచ్చి, తన విస్తరి పట్టుకుని వెళ్ళి అరుగు మీద కుక్క పక్కన కూర్చున్నారు. రెండో ఏడు పెద్దమ్మ పెరట్లో కట్టెల కొట్టు చూపించింది. డబ్బిచ్చి దిగిన మనిషి కట్టెల మధ్య పడుకోవడం ఆవిడకే బాగా అనిపించలేదు.

మూడో ఏడు కర్రే తన గది సంపాదించుకుంది. వంటింటి గడప దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. ముందర గిన్నె పెట్టినా పెద్దమ్మ "తిను" అనేదాకా మూతి పెట్టేది కాదు. మా ఇంటి పిల్లుల దొంగతనాలతో విసిగిపోయిన పెద్దమ్మ అది చూసి కరిగి నీరైపోయింది. మడి తెలిసిన కుక్క, మనుషుల కన్నా నయం అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. తూర్పు వైపు చిన్నగది శ్రీరంగం గారికి ఇచ్చి, మూల గోనెపట్టా పరిచి, ఏడాది పొడుగునా ఎవరు ఆ గదిలో దిగినా కర్రి గదిలో దిగారే అని వేళాకోళం చేసేది. శ్రీరంగం గారి ఆనందం చెప్పనలవి కాదు. అన్ని నగరాలూ తిరిగాను గాని కుక్కకు గది ఇచ్చిన తల్లివి నువ్వొక్కదానివే అమ్మా అన్నారు. పెద్దమ్మ కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది.

ఉంగ వీధి అరుగు మీదే ఉండేవాడు. బండి పక్కన మూడు రాళ్ళు పెట్టి తన జావ తను కాచుకునేవాడు. కంబళి కప్పుకుని, గొడ్డలి తల దగ్గర పెట్టుకుని అరుగు చివర పడుకునేవాడు. మార్గశిరంలో జగదల్పూరు చలి తెలిసినవాళ్ళకు తెలుసు. తెల్లవారేసరికి అరుగు రాయి మీద చెయ్యి పెట్టలేం. ఒకసారి ఎవరో గుమాస్తా శ్రీరంగం గారిని అడిగాడు, పాపం ఆ మనిషి అక్కడ ఎలా పడుకుంటాడండీ అని. శ్రీరంగం గారు, వాడు అడివిలో పుట్టినవాడు, నాలుగు గోడల మధ్య వాడికి ఊపిరాడదు అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. అలాగే అనుకున్నారు. ఉంగ ఎన్నడూ లోపలికి వస్తానని అడగలేదు కదా. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకుంటే నాకు ఒక పని తక్కువ.

ఆరో ఏడు, యుద్ధం మొదలైందని కచేరీ ముందు జనం గుంపులుగా చెప్పుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం కోంట బండి ఎద్దులు నురగలు కక్కుతూ మా వీధిలోకి వచ్చింది. శ్రీరంగం గారి పంచె నిండా నెత్తురు. దర్భా ఘాటు దగ్గర అడవిపంది కర్రి కడుపు చీల్చేసింది. ఉంగ గొడ్డలితో పందిని తరిమి, బయటపడ్డ పేగుల్ని తన చేత్తోనే లోపలికి తోసి, తలపాగా విప్పి బిగించి కట్టాడట. అక్కడి నుంచి ఎద్దులకు మేత పెట్టిన కాసేపు తప్ప ఆగకుండా తోలుకొచ్చాడు. శ్రీరంగం గారు కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే దిగలేకపోయారు. మేము చెరో భుజం పట్టి దింపాం.

పశువుల డాక్టరు వచ్చి కుట్లు వేశాడు. గాయం కుళ్ళకుండా ఉంటే బతుకుతుంది, వారం పది రోజులు దాటితే గాని చెప్పలేను, కట్టు రోజూ మార్చాలి, చలి తగలకూడదు అన్నాడు. తూర్పు గదిలో గాలి వస్తుందని పెద్దమ్మ తన ఊరగాయ జాడీల గదే ఖాళీ చేయించింది. మడి జాడీలు ముట్టుకుంటే మీద పడి కరిచేసే మనిషి, ఒక్కొక్కటీ తనే మోసుకుని వెళ్ళి వసారాలో పెట్టింది. గదిలో కుంపటి పెట్టాం. నేను గంటకోసారి పసుపు వేసిన పాలు చెంచాతో పోసేదాన్ని. శ్రీరంగం గారు కచేరీ మాటే తలపెట్టలేదు. గుమాస్తా ఒకాయన హెచ్చరించాడు, గడువు దాటితే పర్వానా వేరేవాళ్ళకు పోతుందని. పోతే పోనీ, ఇది పోతే నేను ఆ ఇంట్లో ఎవరి ముఖం చూడాలె అన్నారు. గడ్డం మాసి, కళ్ళు లోతుకు పోయి, ఆ గోనెపట్టా పక్కనే చాప వేసుకున్నారు.

ఉంగ రోజూ పొద్దున్నే కిటికీ కింద నిలబడి ఎట్లుందని అడిగేవాడు. నేను లోపలి నుంచి చెప్పేదాన్ని. మూడో రోజు ఇంద్రావతి అవతలికి నడిచి వెళ్ళి ఏదో చెట్టు బెరడు తెచ్చాడు. దంచి గాయం చుట్టూ పూయమన్నాడు. డాక్టరు వాసన చూసి, పుయ్యండి, దీని వల్ల చెడేదేమీ లేదు అన్నాడు. ఆ బెరడు నేను ఎలా తీసుకున్నానో చెప్పాలి. చేట పట్టి దూరంగా నిలబడ్డాను, అతను పై నుంచి వేశాడు. కుక్క పేగులు సర్దిన చెయ్యి అది. ఆ కుక్కకు నేను ఒళ్ళో పెట్టుకుని పాలు పోస్తున్నాను. ఆ చేతిని తాకకుండా చేట పట్టాను. అప్పుడు ఇదేమీ తోచలేదు నాకు. అలవాటు అంటే అదే కాబోలు, తోచనివ్వదు.

ఆరో రోజు నుంచి ఉంగ దగ్గుతున్నాడు. తలపాగా కుక్కకు కట్టాడు గదా, తలకు ఏమీ లేదు. పెద్దమ్మ మిరియాల కషాయం కాచి ఒక ముంతలో పోసి అరుగు చివర పెట్టించింది. ఆవిడ రాతి మనిషి కాదు. కాని ముంత పెట్టించింది గాని, లోపల కుంపటి దగ్గర చోటుందని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు.

తొమ్మిదో రోజు పొద్దున కర్రి లేచి నిలబడింది. నాలుగు కాళ్ళూ వణుకుతున్నాయి గాని నిలబడింది. గిన్నె దాకా వెళ్ళి, పెద్దమ్మ వైపు చూసి, "తిను" అన్నాక తింది. అదే సమయానికి వచ్చిన డాక్టరు కుట్లు చూసి, గండం గడిచిందయ్యా, ఇక భయం లేదు అన్నాడు. శ్రీరంగం గారు పసిపిల్లాడిలా ఏడ్చేశారు. ఏడుస్తూనే లేచి, ఉత్త కాళ్ళతో వీధి గుమ్మం దాకా పరిగెత్తారు.

"ఉంగా, లోపలికి రా. కర్రి లేచింది. నువ్వు చూడాలె."

ఉంగ ఎద్దుకు గడ్డి వేస్తున్నాడు. చేతిలో గడ్డి అలాగే పట్టుకుని ఒక్క క్షణం ఆయన వైపు చూశాడు. "నన్నేనా సావుకారీ?" అన్నాడు. నిన్నే, రా అని ఈయన చెయ్యి ఊపారు. ఉంగ గడ్డి కింద పెట్టాడు. ఎద్దుల తొట్టి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కున్నాడు, మడమల వెనక కూడా రుద్ది కడుక్కున్నాడు. గొడ్డలి గోడకు చేరవేశాడు. జుట్టు వెనక్కి దువ్వుకుని, పెళ్ళివారింటికి వచ్చినవాడిలా మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. అతని ముఖంలో అంత వెలుగు నేను ఆరేళ్ళలో చూడలేదు. కుడికాలు గడప దాటించాడు.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది. కోపంగా ఏమీ అనలేదు. భోజనాల హాలులో నలుగురు కూర్చుని ఉన్నారు, ఆవిడ వాళ్ళ వైపు ఒకసారి చూసింది.

"అతన్ని అక్కడే ఉండమనండి శ్రీరంగం గారూ. కుక్కనే బయటికి తెచ్చి చూపిద్దాం."

నేను ఆ పక్కనే ఉన్నాను. డాక్టరుగారు చేతులు కడుక్కోవడానికి తెచ్చిన నీళ్ళ చెంబు నా చేతిలో ఉంది. శ్రీరంగం గారు పెద్దమ్మను చూశారు, ఉంగను చూశారు. ఒక కుక్క కోసం రాజమండ్రిలో, రాయపూర్‌లో, మా గుమ్మంలో అందరితోనూ వాదించి గెలిచిన మనిషికి ఆ వేళ నోట మాట పెగల్లేదు. చివరికి, "ఒక్క నిమిషం ఆగు ఉంగా" అన్నారు.

ఉంగ కాలు వెనక్కి తీసుకున్నాడు. ముఖంలో కోపం లేదు, అది చూసే నాకు భయం వేసింది. బయటి మెట్టు మీద నిలబడి, ఎద్దుల సంగతి చెబుతున్నంత మామూలుగా చెప్పాడు.

"మా ఊళ్ళె కుక్కను ఎవ్వరు పిలవరు సావుకారీ. దాని ఇష్టం, వస్తది, పోతది. మనిషిని పిలవాలె. కాళ్ళకు నీళ్ళిచ్చి పిలవాలె. పిలవంది మేం రాం, రమ్మంటరా అని అడగం. ఆరేండ్ల సంది మీరు పిలుస్తరని బయట కూసున్న. ఇయ్యాల పిలిచిండ్రు. సాలు."

గొడ్డలి తీసుకుని బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. శ్రీరంగం గారు గుమ్మానికి ఆనుకుని అలాగే కూలబడ్డారు. ఉంగ పల్లెకు ఆయన ఎన్నోసార్లు వెళ్ళారు. వెళ్ళిన ప్రతిసారీ వాకిట్లో అడుగు పెట్టగానే ఉంగ భార్య సోమ్లీ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది, ఉంగ చెయ్యి చాచి లోపలికి రమ్మనేవాడు. అది సావుకారుకు చేసే మర్యాద అనుకున్నారట ఆయన. ఎవరు వచ్చినా చేసేది అదేనని, చెయ్యకపోతే రావద్దని చెప్పినట్టేనని ఆ రోజు దాకా తెలియదు. చేతిలో చెంబు పట్టుకుని నేను అలాగే నిలబడి ఉన్నాను. రెండడుగులు వేసి ఆ నీళ్ళు అతనికి ఇచ్చి ఉంటే ఏమయ్యేది? పెద్దమ్మ నాలుగు తిట్టేది. అంతే కదా. ఇవ్వలేదు నేను.

పెద్దమ్మ ఆ పూట భోంచెయ్యలేదు. సాయంత్రం నాతో, నేనేం చెయ్యనే, వాణ్ణి లోపలికి రానిచ్చానని తెలిస్తే రేపు ఒక్క విస్తరి లేస్తుందా ఇక్కడ అంది. అదీ నిజమే. మేమిద్దరం బతికేది ఆ విస్తళ్ళ మీదే. కాని ఆ నిజం చెప్పుకుంటే ఆవిడకూ కడుపు నిండలేదు, నాకూ నిండలేదు.

మరి రెండు రోజులకు ఉంగే బండి కట్టాడు. గడ్డి మెత్తగా పరిచి, దాని మీద కంబళి వేసి, కర్రిని తనే ఎత్తి పడుకోబెట్టాడు. దారంతా ఎప్పటిలాగే తోలాడట. వాగుల దగ్గర కుక్కను దింపి నీళ్ళు పట్టాడట. కోంటలో ఎద్దుల పలుపులు విప్పి శ్రీరంగం గారి చేతికి ఇచ్చి, ఇంక వేరే మనిషిని చూసుకోండి సావుకారీ అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా తన పల్లెకు వెళ్ళిపోయాడు.

మరుసటి మార్గశిరంలో పర్వానా కోసం శ్రీరంగం గారు మళ్ళీ వచ్చారు. బండి తోలేది ఎవరో నంద అనే కొత్త మనిషి. కర్రి కడుపు మీద మచ్చ ఉంది గాని దిట్టంగా ఉంది, తిన్నగా వెళ్ళి తూర్పు గదిలో పడుకుంది. ఈయన మాత్రం లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చున్నారు. ఏడాదిలో పదేళ్ళు పైబడినట్టున్నారు. పెద్దమ్మ గది తుడిపించాను రండి అంటే, ఇక్కడ బాగానే ఉందమ్మా అన్నారు. నేను వెళ్ళి కింది మెట్టు మీద కూర్చున్నాను. అడగకుండానే చెప్పారు.

కోంట చేరిన నాలుగో రోజున ఆయన ఉంగ పల్లెకు వెళ్ళారు. వాకిట్లో నిలబడ్డారు. కర్రి ఇంట్లోకి పరిగెత్తింది, సోమ్లీ దానికి జావ పోసిన చప్పుడు వినపడింది. నీళ్ళు ఎవరూ తేలేదు. ఉంగ దడి అల్లుతూ తల ఎత్తి చూశాడు, మళ్ళీ తన పనిలో పడ్డాడు. శ్రీరంగం గారు వాకిట్లో నేల మీద కూర్చున్నారు. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు సావుకారు కింద కూర్చున్నాడని ఆగి ఆగి చూశారు. పశువులు ఇంటికి వచ్చే వేళ దాకా కూర్చుని, కర్రిని పిలుచుకుని తిరిగి వచ్చేశారు. మరో వారం పోయాక మళ్ళీ వెళ్ళారు. ఆ తరువాతా వెళ్ళారు. వానల్లో తాటాకు గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఒక్కసారి మాత్రం ఉంగ లేచి వచ్చి, తడుస్తున్నరు, ఇంటికి పోండి సావుకారీ అన్నాడట. లోపలికి రమ్మనలేదు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదనో చెప్పలేను, అందరి మీదా వచ్చింది. ఇన్నిసార్లు వెళ్ళి నోరు కట్టుకుని కూర్చోవడం దేనికండీ, తప్పయింది, లోపలికి రానీ అని అతన్ని అడిగేస్తే పోదా అన్నాను.

లోపలి నుంచి కర్రి వచ్చి ఆయన మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"అడిగితే ఎట్లమ్మా. వాడు ఆరేండ్లు అడగకుండ కూసున్నడు. నాకింక ఏడాది కూడ కాలె."

అని లేచి, బండిలోంచి కంబళి తెచ్చి, అరుగు చివర పరుచుకున్నారు.